పక్కింటి కప్పు మీద మన పిల్లి: వదిలేయాలా, కట్టడి చేయాలా?

మార్గశిర మాసం రెండో గురువారం తెల్లవారుజామున మా పక్కింటి మౌసీ గుమ్మం నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో ఝోటి వేశారు. లక్ష్మీదేవి నడిచి లోపలికి వస్తున్నట్టు చిన్న చిన్న పాదాలు. ముగ్గు ఆరకముందే మా పిల్లి ఆ పాదాల పక్కనే తన పాదాలు కూడా వేసుకుంటూ పూజగది దాకా వెళ్లింది. రెండు మూడు చోట్ల ఆగి పిండి నాకింది. "మీ బిలెయి మా లక్ష్మికంటే ముందే వచ్చేసింది" అని మౌసీ ఆ రోజు నవ్వేశారు. వేసవిలో డాబా మీద ఆరబెట్టిన ఎండుచేపల చాప సగం ఖాళీ అయినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆవిడ మాతో పదకొండు రోజులు మాట్లాడలేదు.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడి. వీధికి ఒక పక్క తెలుగు ఇళ్లు, ఒక పక్క ఒడియా ఇళ్లు అని గీత గీయలేనంతగా కలిసిపోయిన ఊరు. పిల్లుల విషయంలో మాత్రం తేడా తెలుస్తుంది. షష్ఠీదేవి వాహనమని ఒడియా ఇళ్లలో పిల్లిని కొట్టడానికి వెనకాడతారు. తెలుగు ఇళ్లలో ప్రయాణానికి బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరతారు. తమ చేపలు పోయాక మాత్రం రెండిళ్ల వారూ ఒకే మాట అంటారు: "మీ పిల్లిని మీ ఇంట్లో ఉంచుకోండి."

ఆ మాట విన్నాక ఏం చేయాలన్నదే ఈ వ్యాసం. నాలుగేళ్లలో నేను నాలుగు పద్ధతులు ప్రయత్నించాను. ఒకటి పూర్తిగా చెడింది, ఒకటి సగం చెడింది.

ముందు చూసుకోవలసినవి

"పిల్లిని తిరగనివ్వడం మంచిదా, కాదా?" అని అడిగితే జవాబు దొరకదు. మీ ఇల్లు ఎలాంటిదో, పక్కింటి వారి ఫిర్యాదు ఏమిటో తెలిస్తే దొరుకుతుంది.

అన్నింటికన్నా ముందు కప్పు సంగతి. మా వైపు పాత వీధుల్లో ఇళ్లు వరుసగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ముందు అరుగు, లోపల ఒకదాని వెనక ఒకటి గదులు, చివర దొడ్డి. ఒక ఇంటి పెంకుల మీద ఎక్కిన పిల్లి వీధి చివరి దాకా నేల మీద కాలు పెట్టకుండా వెళ్లగలదు. అలాంటి చోట "మా పిల్లి మా ఇంటి చుట్టూనే తిరుగుతుంది" అనే మాటకు అర్థం లేదు. చుట్టూ ఖాళీ స్థలం ఉన్న ఇల్లు, పొలం దగ్గరి ఇల్లు అయితే లెక్క వేరు.

రెండోది, పక్కింట్లో ఏముందో. నాటుకోడి పిల్లలా? ఎండుచేపలు, వడియాలు, బొడి (ఒడియా వారి పప్పు వడియాలు) ఆరబెట్టే డాబానా? కూరపాదులా? గర్భిణి ఉన్నారా? ఒక్కొక్క దానికి మందు వేరు. మీకు తోచిన జవాబుతో వెళ్లకండి, ఫిర్యాదు ఏమిటో వారినే అడగండి. మా రెండో పక్కింటి పిన్నిగారి బాధ చేపల గురించేనని ఏడాదిపాటు అనుకున్నాను. అడిగితే, ఆవిడ పుదీనా మడిలో మా పిల్లి రోజూ గుంత తవ్వి కూర్చుంటోందట.

మూడోది పిల్లి వయసు, ఆడా మగా, ఇప్పటిదాకా ఎలా పెరిగింది అన్నవి. నాలుగోది మీ ఓపిక. దీన్ని ఎక్కువగా లెక్కవేసుకుని మోసపోయేవారే ఎక్కువమంది.

ఏ పద్ధతైనా దీని తర్వాతే

పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌ను నేను ఎంపికల జాబితాలో పెట్టలేదు. అది లేకుండా కింది పద్ధతుల్లో ఏదీ నిలవదు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. కడుపుతో ఉండేది సుమారు తొమ్మిది వారాలు, ఈతకు నాలుగైదు పిల్లలు మామూలే. ఎదకు వచ్చిన పిల్లి అర్ధరాత్రి పెట్టే కేకలు, దాని కోసం వచ్చిన మగపిల్లుల పోట్లాటలు, గుమ్మాల మీద అవి చిమ్మే మూత్రం వాసన కలిస్తే వీధిలోని సగం ఫిర్యాదులు లెక్కకొస్తాయి. మగపిల్లికి ఆపరేషన్ చేయిస్తే దూరాలు తిరగడం, పోట్లాట, మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గిపోతాయి. ఐదారు నెలల వయసులో చేయించడం మేలు.

మా చిన్న ఊళ్లలో ఇబ్బంది ఒకటుంది. పశువుల ఆసుపత్రి అంటే ఆవులు, మేకలు, కోళ్లే. పిల్లిని బుట్టలో పెట్టుకుని వెళ్తే వరసలో నిలబడ్డ వారు నవ్వుతారు, నవ్వనివ్వండి. అక్కడ శస్త్రచికిత్స వీలు కాకపోతే బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు చూడాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. గుణుపురం, రాయగడ వైపు వారికీ భువనేశ్వర్‌తో పోలిస్తే అది దగ్గర. వెళ్లే ముందు పిల్లికి శస్త్రచికిత్స చేసే రోజేదో ఫోను చేసి కనుక్కోండి.

రేబిస్ టీకా కూడా ఇందులోనే. మూడు నెలల వయసులో మొదటిది, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా ఏడాదికొకటి. రేబిస్ కుక్కకాటుతోనే వస్తుందని చాలామంది నమ్మకం. పిల్లి కరిచినా, గోళ్లతో రక్కినా ప్రమాదమే. పక్కింటి పిల్లవాణ్ని మీ పిల్లి గీరితే ముందు ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగించండి. పసుపు పెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మీరే వెంట వెళ్లండి. టీకా కార్డు చేతిలో ఉంటే పొరుగువారికి కాస్త ధైర్యంగా ఉంటుంది.

పద్ధతి ఒకటి: పూర్తిగా వదిలేయడం

మన తాతల నాటి పద్ధతి ఇదే. రాత్రి ఇంత పాలన్నం పెట్టడం, మిగతాది పిల్లి చూసుకోవడం. ఎలుకలు తగ్గుతాయి, ఇంట్లో వాసన ఉండదు, ఖర్చు లేదు. పొలం ఒడ్డున ఒంటరి ఇల్లు, ధాన్యం గాదె ఉన్నవారికి ఇప్పటికీ ఇదే అనుకూలం. ఆపరేషన్ అయి ఉండాలన్నది ఒక్కటే నా షరతు.

వరుస ఇళ్ల వీధిలో మాత్రం ఇది పిల్లికీ మంచిది కాదు. వీధికుక్కలు, వాహనాలు సరే, అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ భయం ఎలుకల మందు. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న ఎలుక అక్కడికక్కడ చావదు, కొన్ని రోజులపాటు మందకొడిగా తిరుగుతుంది. పరుగెత్తలేని ఆ ఎలుకే పిల్లికి ముందు చిక్కుతుంది. విషం పిల్లిలోకి చేరి లోపల రక్తం కారుతుంది. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రంలో ఎరుపు కనిపిస్తే పరుగెత్తాలి. తొందరగా తీసుకెళ్తే విటమిన్ కె1తో బతికించే వీలుంది. పక్కింటి వారు మన పిల్లి మీద కోపంతో మందు పెట్టారని అనుమానించే ముందు, వారి అటక మీద ఎలుకల కోసం పెట్టారేమో కనుక్కోవడం న్యాయం. కనుక్కోవాలంటే ముందు మాటలు ఉండాలి కదా.

పాలన్నం గురించి కూడా ఒక మాట. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. పెరుగన్నంతో పెరిగే పిల్లి పక్కింటి చేపల మీద పడితే తప్పు దానిది ఒక్కదానిదే కాదు. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన పరిశోధనలో, మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు ఐదు పది నిమిషాలు ఆడించిన పిల్లుల్లో 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టిన వాటిలో స్పష్టమైన తేడా కనిపించలేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు అని ఇన్నాళ్లు అడుగుతూ వచ్చాం, కట్టినా ఒరిగేది అంతంతేనన్నమాట. ఇంగ్లండు పిల్లుల లెక్క మన ఉడతలకు, తొండలకు, పిచ్చుకలకు అంకె మారకుండా సరిపోతుందని నేను అనను. అయినా దారి మాత్రం పనికొచ్చేదే. మా ఇంట్లో అన్నంలో చేప తలకాయలు ఉడకబెట్టి కలపడం మొదలుపెట్టాక మౌసీ చాప మీద దాడులు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు.

పద్ధతి రెండు: వేళలు పెట్టడం

చాలామంది సలహా ఇదే: పగలు వదలండి, రాత్రి మూయండి. దీపాలు పెట్టే వేళకు రోజూ ఒకే చోట తిండి పెడితే పది పదిహేను రోజుల్లో పిల్లి ఆ వేళకు తానే వస్తుంది. రాగానే తలుపు వేసేయాలి. పొద్దున పక్షుల సందడి సద్దుమణిగాక తీయాలి. రాత్రి కేకలు, పోట్లాటలు, కుక్కల భయం తగ్గుతాయి. ఖర్చు శూన్యం. వినడానికి ఎంత బాగుందో చూడండి.

నేను సగం చెడింది అన్న పద్ధతి ఇదే. నేను రాత్రంతా పిల్లిని మూసి పొద్దున వదిలేవాణ్ని. మౌసీ చేపలు ఆరబెట్టేది పగలు. పిన్నిగారి కోడిపిల్లలు గింజలు ఏరుకునేదీ పగలే. అంటే నేను పిల్లికి కంటినిండా నిద్ర, కడుపునిండా ఆకలి ఇచ్చి సరిగ్గా నష్టం జరిగే వేళకు పంపిస్తున్నాను. వేళలు మన సుఖాన్ని బట్టి పెడితే ఇంతే, పక్కింటి పనులను బట్టి పెట్టాలి. చేపలు ఆరే ఎండాకాలం నెలల్లో, కోడి పిల్లలను దింపిన తొలి వారాల్లో పగలు కూడా లోపలే ఉంచి, డాబా ఖాళీ అయ్యాక సాయంత్రం గంటసేపు వదలాలి. అది చేయగలిగితే ఇది మంచి పద్ధతే. ఇంట్లో పగలు ఎవరూ ఉండని వారు దీన్ని ఎంచుకోవద్దు.

పద్ధతి మూడు: దొడ్డికి జాలీ

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. పిల్లికి ఆరుబయలు ఉంటుంది, పక్కింటి కప్పు మాత్రం ఉండదు. మా దొడ్డి పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. రెండు వైపులా గోడలు, ఒక వైపు ఇల్లు. గోడల మీద వెదురు కట్టెలు లోపలివైపుకు వంచి కట్టించి, వాటికి కోళ్ల గూటికి వాడే ఇనుప జాలీ వేయించాను. గోడ ఎక్కిన పిల్లికి తల మీద వాలుగా జాలీ అడ్డొస్తుంది, దాటలేదు. దొడ్డి చిన్నదైతే పైన మొత్తం కప్పేయడం తేలిక.

పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల చవక. మొదట అదే కట్టాను. మా పిల్లి ఒక మూల కొరికి వారంలో దారి చేసుకుంది, మిగతా పని కోతులు పూర్తిచేశాయి. కోతులున్న వీధిలో ఇనుప జాలీకి డబ్బు పెట్టడమే నయం. ఇంకో జాగ్రత్త: జాలీ మీద నీడ కోసం టార్పాలిన్ బిగించకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఏమైందో చూసినవారికి చెప్పనక్కరలేదు. గాలి దూరిపోయే జాలీ నిలిచినట్టు గాలిని పట్టుకునే పట్టా నిలవదు, కట్టెలతో సహా లేపుకుపోతుంది. పెంకుటింటి చూరుకు, గోడకు మధ్య ఉండే సందులు కూడా మూయించాలి. దొడ్డికి జాలీ వేశానని నేను మురిసిపోతుంటే మా పిల్లి వంటింటి చూరులోంచి బయటికి వెళ్లి వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

ఉమ్మడి గోడ మీద కట్టాలంటే అవతలి వారి అనుమతి ముందు. అద్దె ఇల్లయితే యజమానిది కూడా. ఆ అనుమతి అడగడానికి వెళ్లిన రోజే మౌసీ నాకు మళ్లీ టీ ఇచ్చారు. వెదురు ఎవరి దగ్గర కొనాలో చెప్పింది కూడా ఆవిడే.

పద్ధతి నాలుగు: పూర్తిగా ఇంట్లోనే

అపార్టుమెంట్లలో ఉండేవారికి, రోడ్డు పక్క ఇళ్లవారికి ఇది తప్ప దారి లేదు. పిల్లి చిన్నప్పటి నుంచే అయితే సులువు. బయట తిరిగిన పెద్ద పిల్లి తలుపు దగ్గర రోజుల తరబడి అరుస్తుంది. మధ్యలో జాలిపడి ఒక్కసారి తలుపు తీస్తే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. మా ఇంట్లో మొదట చెడిన ప్రయత్నం ఇదే. మూడో రాత్రి మా నాన్నగారు లేచి తలుపు తీసేశారు.

ఇసుక తొట్టెలు పిల్లుల సంఖ్యకంటే ఒకటి ఎక్కువ ఉండాలి. దుకాణంలో అమ్మే గుళికలే కావాలని లేదు. పాత ప్లాస్టిక్ బేసిన్‌లో పొడి ఇసుక, రంపపు పొట్టు చాలు. రోజూ తీసేయడం ముఖ్యం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉంటే, అది బయటపడిన ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. ఆలోపే తీసేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. గర్భిణులు ఆ పని చేయకూడదు. ఇంట్లో మగవారు చేయాలి, అంతే. పక్కింట్లో గర్భిణి ఉండి, మీ పిల్లి వారి పెరటి మట్టిని వాడుతుంటే, వారి ఫిర్యాదును చాదస్తమని కొట్టిపారేయకండి.

వేసవిలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పిల్లిని మూసి ఉద్యోగానికి వెళ్లడం క్రూరత్వం. గాలి ఆడే గది, నీళ్లు, జాలీ ఉన్న కిటికీ లేకపోతే ఈ పద్ధతి వద్దు.

తాడు కట్టి తిప్పడం గురించి అడుగుతారు కాబట్టి: ఛాతీకి బిగించే పట్టీతో పది నిమిషాలు నడిపించడం కొన్ని పిల్లులకు అలవాటవుతుంది. మెడకు తాడు వేసి స్తంభానికి కట్టేయడం మాత్రం చేయకండి. గోడ దూకితే ఉరి పడుతుంది.

ఒక్క చూపులో

| పద్ధతి | చేపలు, కోడిపిల్లలు | పెరట్లో మలం | పిల్లి ప్రాణానికి ముప్పు | ఖర్చు, శ్రమ |
|---|---|---|---|---|
| పూర్తిగా వదలడం | నష్టం తప్పదు | తప్పదు | ఎక్కువ | దాదాపు లేదు |
| వేళలు పెట్టడం | వేళ కుదిరితేనే తగ్గుతుంది | కొంత తగ్గుతుంది | మధ్యస్థం | ఖర్చు లేదు, క్రమం తప్పకూడదు |
| దొడ్డికి జాలీ | ఆగుతుంది | మన దొడ్డిలోనే | తక్కువ | మొదట్లో ఖర్చు, తర్వాత మరమ్మతులు |
| ఇంట్లోనే | ఆగుతుంది | తొట్టెలో | అన్నింటికన్నా తక్కువ | రోజూ శుభ్రం చేయాలి, ఆడించాలి |

ఎవరికి ఏది

దొడ్డి ఉన్న సొంత ఇల్లయితే ఆలోచన వద్దు, జాలీ వేయించండి. దొడ్డి లేని అద్దె ఇల్లు, చిన్న పిల్లి అయితే ఇంట్లోనే పెంచండి. ఏడెనిమిదేళ్లు బయటే తిరిగిన ముసలి పిల్లిని ఒక్కసారిగా బంధించకండి, వేళలతో మొదలుపెట్టి రాత్రి కట్టడి దగ్గర ఆగండి. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉంటే, తొట్టె వంగి శుభ్రం చేయలేకపోతే, వారి చేత ఇంటి పిల్లిని పెంచమనడం సరికాదు. అప్పుడు పక్కింటి వారితో వేళలు మాట్లాడుకోవడమే మిగులుతుంది. పిల్లి మీది కాదు, అరుగు మీదికి వచ్చేదానికి తిండి పెడుతున్నారంతే అంటారా? రోజూ పెడుతుంటే వీధి దృష్టిలో అది మీ పిల్లే. ఆపరేషన్ బాధ్యత కూడా మీదే.

మన దగ్గర ఈ తగాదా వీధిలోనే తేలాలి. అందరికీ ఒకే నియమం పెట్టిన ఊళ్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతం కాన్‌బెర్రాలో 2022 జులై 1 నుంచి పుట్టిన పిల్లులన్నింటినీ యజమానులు తమ ఆవరణలోనే ఉంచుకోవాలి. అంతకుముందు పుట్టిన వాటికి చాలా పేటల్లో మినహాయింపు ఇచ్చారు. ముసలి పిల్లికి వేరు లెక్క, పిల్లకు వేరు లెక్క అని నేను పైన అన్నది ఇందుకే.

పిల్లితో విసిగిన పొరుగువారికి

మీ కోపంలో న్యాయం ఉంది. కానీ మందు పెట్టకండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గోనెసంచిలో వేసి మహేంద్రతనయ నది దాటించి పాతపట్నం వైపు వదిలేయడం మా ఊరి పాత అలవాటు. కొన్ని పిల్లులు తిరిగొస్తాయి, మిగతావి కుక్కల పాలవుతాయి. యజమానే విసిగి అలా వదిలేస్తే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద అది నేరం.

పనికొచ్చేవి చెబుతాను. చేపల చాప మీద పాత దోమతెర కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి, ఈగలు కూడా వాలవు. కూరమడిలో విత్తనాలు మొలిచేదాకా ముళ్లకంపలు గానీ, కోళ్ల జాలీ ముక్కలు గానీ మట్టి మీద పరచండి. తవ్వడానికి మెత్తటి మట్టి దొరకకపోతే పిల్లి ఇంకో చోటు చూసుకుంటుంది. కోడిపిల్లలను మొదటి నెల గంప కింద ఉంచితే పిల్లితోపాటు గద్ద బెడద కూడా తీరుతుంది. గుమ్మం ముందు నాఫ్తలీన్ ఉండలు చల్లకండి, అవి పిల్లికే కాదు, నోట్లో పెట్టుకునే చంటిపిల్లలకూ విషం.

మౌసీకీ నాకూ మధ్య ఒప్పందం ఇప్పుడు ఇలా ఉంది. దోమతెర నేను కొనిచ్చాను, కప్పడం ఆవిడ పని. చేపలు ఆరబెట్టే రోజున గోడ మీది నుంచి ఒక కేక వేస్తారు, నేను వెళ్లి జాలీ తలుపు గడియ చూసి వస్తాను. మార్గశిర గురువారాల్లో మాత్రం ఆవిడ కేక వేయరు. పోయిన ఏడాది నాలుగు గురువారాలూ గడియ నేనే చూసుకున్నాను. ఝోటి ఆరాక పిల్లిని ఒకసారి తెచ్చి చూపించమన్నారు.